మీకు తెలుసా? చుట్టకో పేరుంది, చుట్టే చేతికి?

చుట్ట ప్రియులు నలుగురు కలిస్తే తమకిష్టమైన చుట్ట గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటారు. ఆకు ఏ నేలలో పండింది, ఎన్నాళ్లు మాగింది, ఏ ఊళ్లో తయారైంది... అన్నీ చెప్పాక గొప్పగా అనే మాట ఒకటుంది: ‘చేత్తో చుట్టింది!’ ఆ మాటకు అసలు అర్థం ఆడవాళ్లు బీడీలు చుట్టే మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల వాడల్లో ఏ గడపనడిగినా చెబుతుంది.

● ఇంగ్లీషువాళ్ల ‘చెరూట్’ మన దక్షిణాది మాటే. తమిళంలో ‘శురుట్టు’ అంటే చుట్టినది. అదే ఐరోపావాళ్ల నోళ్లలో నలిగి ‘చెరూట్’ అయింది. మన ‘చుట్ట’ కూడా ‘చుట్టు’ నుంచి పుట్టిందే. అంటే వస్తువు పేరులోనే చేతిపని దాగి ఉంది.

● గోదావరి వరద వదిలిపోయిన ఒండ్రులో పండే లంకపొగాకు చుట్టలకు పెట్టింది పేరు. చుట్ట లేని గిరీశాన్ని ‘కన్యాశుల్కం’ చదివినవాళ్లెవరూ ఊహించుకోలేరు. తమిళనాట తిరుచిరాపల్లి చుట్టలైతే ఇంగ్లీషు సాహిత్యంలోకే ఎక్కాయి. 1887లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ తొలి నవలలో, నేలమీద రాలిన బూడిద చూసి హంతకుడు తాగింది తిరుచిరాపల్లి చుట్టేనని హోమ్స్ పోల్చేస్తాడు.

● ఒకప్పటి బ్రిటన్ ప్రధాని చర్చిల్ మనసు క్యూబా చుట్టల మీద. ‘రోమియో వై జూలియెటా’ అంటే మరీ ఇష్టం. దాదాపు ఏడంగుళాల పొడవుండే చుట్ట సైజును ఇవాళ్టికీ ‘చర్చిల్’ అనే పిలుస్తారు. అందులో మూడు భాగాలు: లోపల నింపేది, దాన్ని పట్టి ఉంచేది, పైన నునుపుగా చుట్టేది. మూడూ పొగాకు ఆకులే.

● మన బీడీకి పైన చుట్టేది మాత్రం పొగాకు కాదు, తునికాకు. ఎండలు ముదిరే వేళ అడవిలో ఆకు తెంపి, 50 ఆకులకో కట్ట కట్టి, కల్లంలో ఆరబెడతారు. అడవి పల్లెల పిల్లలు ఇష్టంగా తినే తునికిపండ్లు కాసేదీ ఆ చెట్టే. ఇక బీడీ తంబాకు మన దేశంలో ఎక్కువగా పండేది గుజరాత్, కర్ణాటకల్లో.

● బీడీ చుట్టాలంటే ముందు ఆకు నానబెట్టాలి. మెత్తబడ్డాక రేకు కొలత పెట్టి కత్తిరించాలి. ఒళ్లో చాట పెట్టుకొని, ఆకులో చిటికెడు తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టాలి. ఆ చిటికెడు సుమారు పావు గ్రాము. 25 బీడీలు ఒక కట్ట, 40 కట్టలు వెయ్యి. కూలి కట్టేది వెయ్యి లెక్కనే. అదే క్యూబాలోని హవానాలో చెయ్యి తిరిగిన పనివాడు రోజుకు చుట్టేది సుమారు వంద చుట్టలు. మగవాళ్లు గల్ఫ్‌కు పోయిన ఇళ్లలో, సిరిసిల్లలో సాంచెల (మరమగ్గాల) మీద నిలబడ్డవాళ్ల ఇళ్లలో, పొయ్యి ఆరకుండా కాచింది ఈ వెయ్యి లెక్కే.

● ఖరీదైన సిగార్, చవక బీడీ ఒకే చట్టం పేరులో పక్కపక్కన కూర్చున్నాయి: 1966 నాటి ‘బీడీ, సిగార్ కార్మికుల చట్టం’. బీడీ కార్మికుల సంక్షేమ నిధికి 1976లో వేరే చట్టం వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2015లో బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల ఆసరా పింఛను మొదలుపెట్టి, 2019లో దాన్ని 2,016 చేసింది.

● హవానా కార్ఖానాల్లో పనివాళ్లు చుట్టలు చుడుతుంటే ఒకరు ఎత్తైన పీట మీద కూర్చొని పత్రికలు, నవలలు చదివి వినిపిస్తారు. 1865లో మొదలైన ఆనవాయితీ ఇది. అలా విన్న అలెగ్జాండర్ డ్యూమా నవల పనివాళ్లకు ఎంతో నచ్చిందట. అందుకే 1935లో వచ్చిన చుట్టకు ఆ నవల పేరు మీదే ‘మాంటెక్రిస్టో’ అని పెట్టారని చెబుతారు. కేరళ బీడీ కార్ఖానాల్లోనూ ఇలాగే పత్రికలు చదివి వినిపించేవారు.

● తునికాకులోంచి గాలి సరిగా ఆడదు. బీడీ ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి. అందుకే చిన్నదని బీడీని తక్కువ అంచనా వేయకూడదు. చుట్ట అయినా, బీడీ అయినా పొగ ప్రాణానికి చేటే. చుట్టే ఆడబిడ్డకు తాగే అలవాటు లేకపోయినా తంబాకు దుమ్ము, మెడనొప్పి, నడుంనొప్పి తప్పవు.

హవానా పనివాళ్లు మెచ్చిన కథ చుట్టకు పేరైంది. మన బీడీ కట్ట మీద కంపెనీ లేబులే ఉంటుంది. పొగ తాగేవాళ్లు తగ్గాలి, తగ్గి తీరాలి. ఆ రోజు వచ్చేసరికి, వెయ్యి లెక్కన బీడీలు చుట్టే ఈ నేర్పరి వేళ్లకు దుమ్ము లేని పని, కడుపు నిండే కూలి సిద్ధంగా ఉండాలి. ఖాదీకి పేరుపడ్డ మెట్‌పల్లికి చేతిపని విలువ ఒకరు నేర్పాలా?