గుణవర్మన్ వీధిలో ఇల్లు

జకార్తా నగరానికి దక్షిణభాగాన కెబయోరన్ బారు అనే పేట ఉన్నది. ఆ పేట వీధుల పేర్లు చదువుకుంటూ నడిచే తెలుగువాడు ఒక్కక్షణం తానే దేశంలో ఉన్నాడో మరచిపోతే ఆశ్చర్యం లేదు. గుణవర్మన్, పూర్ణవర్మన్, ఆదిత్యవర్మన్, సంజయ, విజయ, కృతనగర, ధర్మవంశ — ఇవన్నీ వీధులే. సేనోపతి వీధి అన్నా మన సేనాపతియే. ధర్మవంశుడు తూర్పు జావాను ఏలిన రాజు. అతని కాలంలో, 996 ప్రాంతాన, మహాభారత పర్వాలు ప్రాచీన జావా భాషలో వచనరూపం ధరించినవి. రాజమహేంద్రవరంలో నన్నయభట్టు గంటం పట్టడానికి సుమారు అర్ధశతాబ్దం ముందరి మాట అది. కాని ఆ రాజు పేరుగల వీధిలో ఇల్లు కొనదలచినవానికి భారతజ్ఞానం అక్కరకు రాదు. 1960 నాటి భూమి చట్టం తెలిసి ఉండాలి.

పేర్లు ప్రాచీనాలే గాని పేట వయస్సు ఎనభై ఏండ్లు మించదు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసేసరికి నగరంలో ఇండ్లకు పెద్ద కరువు వచ్చింది. డచ్చి ప్రభుత్వం తన చివరి దినాలలో, 1948లో, నగర కేంద్రానికి ఎనిమిది కిలోమీటర్ల దూరాన 730 హెక్టార్ల నేలను కొత్త పేటకు ఎంచుకున్నది. పటం గీసినవాడు మాత్రం డచ్చివాడు కాడు. సుసీలో అనే స్వదేశీయుడు. మరుసటి సంవత్సరం పని మొదలైంది. వెడల్పయిన రాజవీధులు, వాటి వెనుక నెమ్మదైన సందులు, నడుమ తోటలు, అంగళ్లకు వేరే చోటు — అంతా ముందే లెక్కగట్టి, భాగాలకు ఆంగ్లాక్షరాలు పేర్లుగా పెట్టారు. వాటిలో బ్లాక్ ఎ, బ్లాక్ ఎం, బ్లాక్ ఎస్ అనేవి నేటికీ జనం నోట ఉన్నవి. ఆ నేలమీద అంతకుముందు బెటావీ కుటుంబాల పండ్లతోటలు ఉండేవి. వారు మరికొంత దూరం జరిగిపోయారు. కొత్త పేటలు పుట్టేచోట పాత కాపురస్థుల కథ ఎక్కడైనా ఇంతే కాబోలు.

1950, 60లలో కట్టిన ఇండ్లు కొన్ని ఇంకా కనబడుతవి. ఒకవైపు ఎక్కువగా ఒకవైపు తక్కువగా వాలిన పైకప్పు, ఏటవాలుగా నిలిచిన గోడలు — వీటిని ‘జెంకీ’ ఇండ్లంటారు. ‘యాంకీ’ శబ్దమే అలా మారినదని చెబుతారు. బారితో వీధి దాపున అయోధ్య పేరుగల ఉద్యానమొకటి ఉన్నది. తెల్లవారగానే వీధిలోకి కూరల బండి వస్తుంది, కోడిమాంసపు గంజి బండి వస్తుంది. ప్రతి కొద్ది ఇండ్లకూ ఎరుగుపొరుగు సంఘం, దానికొక పెద్ద. చుట్టం వచ్చి రాత్రి నిలిస్తే ఇరువదినాలుగు గంటలలో ఆ పెద్దకు తెలియజేయాలని వీధిమొగలో బోర్డు ఉంటుంది. ఈ ఏర్పాటు జపాను సైన్యం ఆక్రమణకాలంలో నాటినది. సైన్యం పోయినా సంఘం పోలేదు. అద్దెకుండేవాడు నెలనెలా కాక సంవత్సరపు అద్దె ఒకేసారి ముందుగా చెల్లించడం అక్కడి వాడుక. ఇంటాయన రెండేండ్లది అడిగినా వింత కాదు.

ఇక కొనడం మాట. అక్కడ ‘ఈ ఇల్లు నాది’ అనే మాటకు ఒక్క అర్థం లేదు. మొదటిది ‘హక్ మిలిక్’. హక్కు, మిల్కియత్ అన్నవి మనకు తెలిసిన మాటలే. ఇది కాలపరిమితి లేనిది, తరతరాలకు సంక్రమించేది. ఇండోనేషియా పౌరునికే చెల్లుతుంది. రెండవది కట్టడపు హక్కు: నేలపై ఇల్లు కట్టి ముప్పది ఏండ్లు అనుభవించవచ్చు, దానిని ఇరువది ఏండ్లు పొడిగిస్తారు, పిమ్మట మళ్లీ ముప్పదికి కొత్త చేస్తారు. మూడవది వినియోగపు హక్కు. ఆ దేశంలో ఉండటానికి అనుమతి పొందిన విదేశీయునికి నేలపై ఇల్లు కావలెనంటే దొరికేది ఇదే. 2021 నాటి నిబంధనల ప్రకారం దీనికి ముప్పది, ఇరువది, ముప్పది — వెరసి ఎనభై ఏండ్లు. కుటుంబానికి ఒకే స్థలం, రెండువేల చదరపు మీటర్లకు లోపు, ప్రభుత్వం నిర్ణయించిన కనీసపు ధరకు తగ్గకుండా. కనుక పక్కపక్కనే ఒకే కొలతగల రెండు ఇండ్లుంటే వాటి విలువ ఒకటి కాదు. పత్రంలోని రెండు మాటలు ఆ తేడా తెస్తవి. ఇవిగాక, పాత కుటుంబాలవద్ద ‘గిరిక్’ అనే కాగితం ఉంటుంది. అది శిస్తు కట్టినట్లు రుజువే గాని యాజమాన్యపు పత్రం కాదు. మనవైపు శిస్తు రశీదు పట్టుకొని పొలం తనదని వాదించినవారి గతి ఎరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఎనభై ఏండ్లు ఒక జీవితానికి చాలవా అని ఎవరైనా అడుగుతారు. చాలును. కాని ఆశకు చాలవు. అందువల్ల కొందరు విదేశీయులు స్థానికుడైన స్నేహితుని పేరనో, ఇంటి పనివాని పేరనో శాశ్వతహక్కు కొని, చాటున మరొక ఒప్పందం రాయించుకుంటారు. చట్టంలోని ఇరువదియారవ ప్రకరణం ఇట్టి చాటుమాటు బదలాయింపును చెల్లదని తేల్చింది. చెల్లకపోవడమే కాదు, ఆ భూమి ప్రభుత్వపరం కావచ్చును, ఇచ్చిన సొమ్ము తిరిగి అడిగే వీలు లేదు. పేరు ఇచ్చిన స్నేహితుడు మంచివాడే కావచ్చు. అతడు చనిపోయిన తరువాత అతని వారసులు కూడా అంత మంచివారు కావాలి గదా!

దీనికంటె కష్టమైనది స్వదేశీ స్త్రీల స్థితి. 1974 నాటి వివాహచట్టం ప్రకారం పెండ్లి తరువాత సంపాదించినది భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి. కనుక విదేశీయుని పెండ్లాడిన ఇండోనేషియా మహిళ, పెండ్లికి ముందే ఆస్తి వేరుచేసుకొనే ఒప్పందం రాసుకోకపోతే, తన దేశంలో తన సంపాదనతో శాశ్వతహక్కు పొందలేకపోయేది. ముహూర్తం దగ్గర పడుతుండగా ఆస్తిపత్రాల ఊసెత్తే వధువులు ఏ దేశంలోనైనా అరుదు. అట్టి మహిళ ఒకరు ఇల్లు కొనబోయి భంగపడి రాజ్యాంగ న్యాయస్థానానికి ఎక్కారు. ఆ ఒప్పందం పెండ్లి తరువాత కూడా రాసుకోవచ్చునని 2016 అక్టోబరులో తీర్పు వెలువడింది.

పెట్టుబడిగా ఇల్లు కొనేవానికి మరొక చిక్కు నాణెం. 1997 మధ్యలో డాలరుకు సుమారు 2,400 రూపియాలు; మరుసటి ఏడు ఒక దశలో 16,000 దాటినవి. ఇంటి ధర రూపియాలలో పెరిగి, పరదేశపు నాణెంలో కుంగిన దినాలవి. ఆ పిమ్మట సేనోపతి, గుణవర్మన్ వీధులలో ఒక్కొక్క కాపురపు ఇల్లే భోజనశాలగా, కాఫీ అంగడిగా మారుతూ వచ్చింది. ధర పెరిగింది, నిద్ర తగ్గింది. 2019 మార్చిలో బ్లాక్ ఎం, బ్లాక్ ఎ మీదుగా మెట్రో రైలు నడవడం మొదలైన తరువాత స్టేషన్ల చుట్టు నేలకు గిరాకీ హెచ్చింది. మిగిలిపోయిన వృద్ధ కాపురస్థులకు ఈ పెరుగుదల వల్ల చేతికి వచ్చేది ఏమీ లేదు. ఏటేటా నేల విలువనుబట్టి కట్టవలసిన పన్ను మాత్రం ఉన్నది. ఇంటిని ప్రేమించి ఉన్నవానికి శిక్ష, అమ్మి పోయినవానికి బహుమానం అన్నట్లున్నది ఈ లెక్క.

నీటి సంగతి చెప్పకుండా ఈ పేట మాట ముగియదు. పశ్చిమాన, దక్షిణాన కొన్ని వీధులు మెరకమీద ఉండగా, తూర్పున క్రుకుత్ వాగు దాపున ఉన్న పెతోగోగన్ వానకాలంలో తరచు మునుగుతుంది. ఆ పక్క రావా బారాత్ అనే పేరుకు ‘పడమటి చిత్తడి’ అని అర్థం. ధర ఎక్కడ తక్కువో అక్కడ నీరెందుకు ఎక్కువో పేరే చెబుతున్నది.

ఇది నిన్నటి బెడద కాదు. వీధికి పేరిచ్చిన ఆ పూర్ణవర్మయే అయిదవ శతాబ్దంలో నీటికి దారి తవ్వించిన రాజు. నేటి జకార్తా ఉత్తరభాగాన తుగు వద్ద దొరికిన అతని సంస్కృత శాసనం, పల్లవలిపిలో, గోమతి అనే కాలువను 6,122 ధనుస్సుల పొడవున ఇరువదియొక్క దినాలలో తవ్వించి, బ్రాహ్మణులకు వేయి గోవులు దానమిచ్చినట్లు చెబుతున్నది. దేశపు రాజధానిని బోర్నియో దీవికి తరలించాలని 2022లో చట్టం చేయడానికి చూపిన కారణాలలో ఈ వరదలూ ఉన్నవి. అయినా కెబయోరన్ బారులో ‘అమ్మకానికి’ బోర్డులు కట్టేవారు కడుతూనే ఉన్నారు, కొనేవారు వస్తూనే ఉన్నారు. తెలివిగలవాడు జనవరి, ఫిబ్రవరి నెలల వానలలో వస్తాడు. దళారితో మాట్లాడకముందే పక్కింటి కాపలావాని వద్దకు పోయి, నీరు ఎంతవరకు వచ్చిందని అడుగుతాడు. కాపలావాడు ఏమీ మాట్లాడడు. గోడమీద పాత మరకను వేలితో చూపిస్తాడు.