జ్వరము దిగిన పిదప

ఎముక రాయివంటిదని లోకము తలచును. రాయి మారదు, ఎముక నిత్యము మారుచుండును. దానిలో రెండు తెగల కణములు పనిచేయుచున్నవి. పాత భాగమును కరిగించునవి ఆస్టియోక్లాస్టులు. ఆ తావున క్రొత్త ఎముకను కట్టునవి ఆస్టియోబ్లాస్టులు. పెద్దల అస్థిపంజరమున ఏటేట సుమారు 10 శాతము ఈ రీతిగా నూతనమగుచుండును. ఈ జమాఖర్చులు సరితూగినంత కాలము ఎముక దృఢముగా నుండును. ఖర్చు మించినచో లోలోపల గుల్లబారును. దీనినే వైద్యులు ఆస్టియోపొరోసిస్ అందురు.

ఈ లెక్కను తారుమారు చేయు కారణములలో వైరసులును కలవు. హెచ్.ఐ.వి. సోకినవారి ఎముకల సాంద్రత తగ్గుట వైద్యులెరిగినదే. తెలుగువారు స్వయముగా అనుభవించిన మరియొక ఉదాహరణము చికున్‌గున్యా. 1952లో తూర్పు ఆఫ్రికాలో, నేటి టాంజానియా దక్షిణ భాగమున, మకోండే పీఠభూమిపై ఈ జ్వరము చెలరేగెను. అచ్చటివారి భాషలో ఆ పేరునకు ‘వంచివేయునది’ అని భావము. 2005-06లో అది ఆంధ్రప్రదేశ్ పల్లెలను పీడించినపుడు ఆ పేరెంత సార్థకమో జనులకు తెలియవచ్చెను. జ్వరము కొలది దినములలోనే దిగెను. కీళ్లనొప్పి మాత్రము కొందరిని నెలల తరబడి వీడలేదు.

ఈ వైరసు ఎముకను కట్టు కణములలోనే చొరబడగలదని ప్రయోగశాలలలోని పరిశోధనలు తెలిపినవి. అపుడు, కరిగించు కణములను పురికొల్పు ర్యాంక్-ఎల్ అను పదార్థము పెరుగును. వానిని అదుపుచేయు ఆస్టియోప్రొటెగెరిన్ తగ్గును. ఇల్లు కట్టవలసిన మేస్త్రీయే గోడ కూల్చువారిని పిలిచినట్లగును. చిట్టెలుకలలో ఎముక నష్టమును కనబడినది. అంతమాత్రమున జ్వరము వచ్చిన ప్రతివారికి ఎముకలు గుల్లబారుననుట సరికాదు. కాని ముట్లుడిగిన స్త్రీలును, వృద్ధులును అదివరకే ఎముక బలము తగ్గినవారు. వారి విషయమున జాగ్రత్త అవసరము.

నొప్పికి వెరచి నెలల తరబడి మంచము దిగకుండుట ఒక హాని. వైద్యుని సలహా లేక స్టెరాయిడు మాత్రలు మ్రింగుచుండుట అంతకు మించిన హాని. అవి నొప్పిని వెంటనే అణచును; చిరకాలము వాడినచో ఎముకను క్షీణింపజేయును. అట్లని వాడుచున్నవారు హఠాత్తుగా మానరాదు. వైద్యుడు చెప్పిన క్రమమున తగ్గించుకొనవలెను. గుల్లబారిన ఎముక తన స్థితిని ముందుగా చెప్పదు. పెరటిలో కాలుజారి తుంటి విరిగిన నాడే ఇంటిల్లిపాదికి తెలియును.

నొప్పి తగ్గిన కొలది నడక, ఉదయపుటెండ, పాలు, రాగిజావ, ఇవి ఎముకకు ఆధారములు. అన్నిటికంటె సులభమైనది దోమను పుట్టనీయకుండుట. చికున్‌గున్యాను మోయు దోమ పగటివేళ కుట్టును. తొట్టెలలోను, పాత టైర్లలోను నిలిచిన నీటిలో పెరుగును. బడిపిల్లలు వారమున కొకమారు ఆ నీటిని పారబోసినచో, ఇంటనున్న అవ్వ ఎముకను కాపాడినవారగుదురు.