పది డాలర్ల న్యాయము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1861 మొదలు 1865 వఱకు జరిగిన అంతర్యుద్ధము బానిసత్వముకొఱకు గాదనియు, రాష్ట్రముల స్వాతంత్ర్యముకొఱకే దక్షిణాదివారు కత్తి పట్టిరనియు వాదించువారు ఇప్పటికిని గలరు. స్వాతంత్ర్యమను మాట విన్నంతనే మన హృదయము లుప్పొంగుట సహజము. కాని ఆ మాటను ఎవ రెందులకు వాడుచున్నారో విచారింపక తల యూపుట తగదని మా యభిప్రాయము.

1793లో విట్నీ ప్రత్తినుండి గింజను వేఱుచేయు యంత్రమును నిర్మించినది మొదలు దక్షిణాదిని ప్రత్తిసేద్యము విస్తరించెను. దానితో బానిసల వెలయు పెరిగెను. 1860 నాటికి బానిసలు సుమారు 39 లక్షల 50 వేలు. పడమటి క్రొత్త భూములలో బానిసల నుంచవచ్చునా, కూడదా యనునదే తగవునకు మూలము. 1820లో మిస్సోరీ రాజీచే ఒక గీత గీచి దాని నణచిరి. 1850లో మఱల రాజీ. ఈ రెండవ రాజీలో దక్షిణాదివారు పట్టుపట్టి సాధించుకొన్న పలాయిత దాస శాసనమును కొంచెము నిదానించి చూడవలసియున్నది.

పాఱిపోయిన బానిసను ఉత్తరాదిని పట్టుకొన్నచో విచారణ చేయువాడు ఒక కమీషనరు. జూరీ లేదు. పట్టుబడినవాడు తన పక్షమున సాక్ష్యము చెప్పరాదు. వానిని యజమానున కప్పగించినచో కమీషనరునకు ముట్టునది పది డాలర్లు, విడిచిపెట్టినచో అయిదు! అప్పగింతకు వ్రాతకోత లధికమని దీనిని సమర్థించిరి. కచ్చేరీల తీరు బాగుగా నెఱిగిన మన పాఠకులకు సైతము ఈ సమర్థన నవ్వు పుట్టింపక మానదు. పిలిచినప్పుడు పౌరులెల్లరు పట్టివేతకు తోడుపడవలెను; ఆశ్రయ మిచ్చినవానికి వేయి డాలర్ల వఱకు జరిమానా, ఆఱు నెలల వఱకు ఖైదు. బానిసత్వము మా యూర లేదని నిశ్చింతగా నున్న బోస్టను గృహస్థుడు ఈ శాసనముతో బానిసలను పట్టి యిచ్చు బంట్రోతయ్యెను. 1854లో ఆంథొనీ బర్న్సు అను నొక్కనిని ఓడ యెక్కించుటకు ఆ నగరవీథులలో సైనికులను నిలుపవలసివచ్చెను. అది చూచి మనసు మార్చుకొన్నవారు పెక్కురు.

ఆ యేడే కాన్సాస్-నెబ్రాస్కా శాసనము మిస్సోరీ గీతను చెఱిపివేసెను. కాన్సాసులో నెత్తురు పాఱెను. 1857లో డ్రెడ్ స్కాట్ వ్యాజ్యెమున సుప్రీముకోర్టు, క్రొత్త భూములలో బానిసత్వమును నిషేధించు నధికారము కాంగ్రెసునకే లేదనెను. ఇక రాజీకి చోటెక్కడిది? బానిసత్వము వ్యాపింపరాదన్న లింకను 1860 నవంబరులో అధ్యక్షుడుగా ఎన్నిక కాగా, డిసెంబరు 20న దక్షిణ కెరొలినా విడిపోయెను.

ఆ రాష్ట్రము ప్రకటించిన కారణములను చదివి చూడుడు. ఉత్తర రాష్ట్రములు తమ శాసనములచే బానిసల యప్పగింతకు అడ్డుపడుచున్న వనుట అందలి ముఖ్యమైన ఫిర్యాదు. అనగా, ఇతర రాష్ట్రములు తమ హక్కును చెలాయించుటయే నేరము! విడిపోయినవారు 1861లో వ్రాసికొన్న రాజ్యాంగమునందును, బానిసలపై యాజమాన్యమును భంగపఱచు శాసనము చేయరాదని నిషేధించుకొనిరి. రాష్ట్రస్వాతంత్ర్య వాదమును ఈ రెండు పత్రముల నెదుట నుంచుకొని తూచుడని పాఠకులను కోరుచున్నాము.

1861 ఏప్రిలు 12న సమ్టర్ కోటపై ఫిరంగులు మ్రోగినవి. ఆఱు లక్షలకు పైగా సైనికులు నశించిరి. పది డాలర్ల శాసనము మాత్రము, యుద్ధము ముగియక మునుపే, 1864 జూనులో రద్దయ్యెను.