బీడీ మానిన మొదటి మూడు దినములు

కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో అనేక కుటుంబములకు బీడీయే బ్రతుకుతెరువు. ఈ రెండు పాత జిల్లాలు 2016లో పలు జిల్లాలుగా విడిపోయినను అక్కడి జీవనవిధానము మాత్రము అంతగా మారలేదు. ఆదిలాబాదు అడవులలో ప్రతి వేసవియందును తునికాకు కోసి, 50 ఆకుల చొప్పున కట్టలు కట్టి, కల్లములలో ఆరబెట్టుదురు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపున వేలాది స్త్రీలు ఒడిలో చాట పెట్టుకొని, ఆ ఆకులో తంబాకు పోసి బీడీలు చుట్టుదురు. అట్టి యింటి యజమాని బీడీ మానవలెనని నిశ్చయించుకొన్న దినమున కూడ అతని కన్నుల యెదుట చాట నిండ బీడీలుండును.

అయినను మానినవారు ప్రతి ఊరిలోను కలరు. మానదలచి మూడవ నాటికే మరల వెలిగించినవారు అంతకంటె ఎక్కువమంది కలరు. ఎవరి సహాయమును లేక, ఏ మందును వాడక మానుటకు ప్రయత్నించిన నూరుగురిలో ఆరునెలలు మొదలు సంవత్సరము వరకు నిలిచియుండువారు మువ్వురు మొదలు ఐదుగురు మాత్రమే యని అనేక పరిశీలనలు తెల్పుచున్నవి. తక్కినవారిలో ఎక్కువమంది మొదటి ఎనిమిది దినములలోనే ఓడిపోవుచున్నారు. దీనిని సాధారణముగా మనోనిబ్బరము లేకపోవుటగా చెప్పుకొందురు. మొదటి దినములలో మెదడులో జరుగు మార్పులను గమనించినచో కారణము వేరుగా కనిపించును. ఆ దినములను దాటించు ఉపాయమును గూడ అక్కడనే వెదకవలెను.

బీడీ చిన్నది, ప్రమాదము పెద్దది

సిగరెట్టుతో పోల్చినచో బీడీలో పొగాకు చాల తక్కువ. కావున అది అంత హాని చేయదని కొందరి నమ్మకము. అది సరికాదు. సిగరెట్టు కాగితమువలె తునికాకు గాలిని చొరనీయదు, సులభముగా మండదు. ఆరిపోకుండ ఉండుటకై మాటిమాటికి దమ్ము లాగవలసి వచ్చును. ఫలితముగా బీడీ త్రాగువాని లోనికి పోవు నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడు సిగరెట్టు త్రాగువానికి ఏమాత్రము తీసిపోవు. 2016–17లో జరిగిన అఖిల భారత సర్వేలో పెద్దవారిలో నూటికి 28.6 మంది ఏదో యొక రూపమున పొగాకు వాడుచున్నట్లును, నూటికి 7.7 మంది బీడీ త్రాగుచున్నట్లును తేలినది. సిగరెట్టు త్రాగువారు 4 మందియే.

నికోటిన్ చేయు పని

నికోటిన్‌ను పొగాకు నుండి మొట్టమొదట 1828లో హైడెల్‌బర్గు నగరమున పోసెల్టు, రైమాన్ అను శాస్త్రజ్ఞులు వేరుచేసిరి. దమ్ము లాగిన 10 మొదలు 20 సెకండ్లలో అది ఊపిరితిత్తుల నుండి రక్తములో కలిసి మెదడును చేరును. మెదడులోని నాడీకణములపై ఎసిటైల్‌కోలిన్ అను సహజ రసాయనమును అందుకొనుటకై ఏర్పడిన గ్రాహకములు కలవు. ఒక తాళమును దొంగచెవితో తెరచినట్లు నికోటిన్ ఆ గ్రాహకములలో అమరిపోవును. అప్పుడు డోపమిన్ అను మరియొక రసాయనము విడుదలయి, హాయి కలుగును.

ఏండ్ల తరబడి ఇట్లు జరుగగా గ్రాహకములు మొద్దుబారును. ఆ లోటు తీర్చుకొనుటకు మెదడు వాని సంఖ్యను పెంచుకొనును. అటుపిమ్మట బీడీ వలన కలుగు హాయిలో అధికభాగము, ఖాళీగానున్న గ్రాహకములు పెట్టు బాధ తీరుటయే. నెత్తిమీది బరువు దించినవానికి సుఖముగానే యుండును. అయితే ఆ బరువును ఎత్తినదియు బీడీయే!

ఒక చిన్న లెక్క

రక్తములోని నికోటిన్ సుమారు 2 గంటలలో సగమగును. దీనిని అర్ధాయువు అందురు. రాత్రి 8 గంటలకు కడపటి బీడీ త్రాగినవానిలో 10 గంటలకు సగము, 12 గంటలకు నాలుగవ వంతు మిగులును. మరునాటి ఉదయము 8 గంటలకు ఆరు అర్ధాయువులు గడచును గనుక 64వ వంతు మాత్రము ఉండును. మరునాటి రాత్రి 8 గంటలకు 4,096వ వంతు. అనగా ఒక్క దినములో నికోటిన్ దాదాపు పూర్తిగా పోవును. రక్తములోని కార్బన్ మోనాక్సైడు 4, 5 గంటల కొకమారు సగమగుచు ఒక దినములో మామూలు స్థితికి వచ్చును. హీమోగ్లోబిన్ మరల ప్రాణవాయువును సరిగా మోయనారంభించును. గుండె వేగము తగ్గుట కడపటి బీడీ తరువాత 20 నిమిషములలోనే మొదలగును.

శరీరము ఇంత త్వరగా కోలుకొనుచుండగా మనిషికి ఇంత బాధ యేల? నికోటిన్ పోయినను పెరిగిన గ్రాహకములు అట్లే యుండుటయే కారణము. అవి తగ్గి, పొగత్రాగనివారి మెదడులో నుండునన్నిటికి చేరుటకు కొన్ని వారములు పట్టును. ఈలోగా చిరాకు, కోపము, దిగులు, పనిపై మనసు నిలువకుండుట, నిద్రపట్టకపోవుట, అతిగా ఆకలి, మలబద్ధకము మొదలైనవి కలుగును. ఇవి మొదటి దినముననే ఆరంభమై, రెండు మూడు దినములలో ఉచ్చస్థితికి చేరి, రెండు మొదలు నాలుగు వారములలో క్రమముగా తగ్గిపోవును. “బీడీ మానితే నా ఒంటికి పడలేదు” అని చాలమంది మూడవ నాడు చెప్పుటకు హేతువు ఇదియే. ఆ నాడే బాధ గరిష్ఠముగా నుండును. దానిని దాటినవానికి నాలుగవ నాటి నుండి మెల్లగా తెరిపి కలుగును.

ఇంకొక సంగతి గమనింపదగినది. బీడీపై కోరిక దినమంతయు ఒకే తీరున ఉండదు. అలవలె లేచి, కొన్ని నిమిషములుండి, తగ్గిపోవును. బీడీ త్రాగినను త్రాగకున్నను అది తగ్గును. అందుచేత మూడు దినములను ఒక్కసారిగా జయింపనవసరము లేదు. ఒక్కొక్కమారు ఐదు నిమిషములు ఓపిక పట్టవలెను.

బొగ్గుబాయి చెప్పు పాఠము

కోరిక ఎప్పుడు లేచును? రోజుకు 20 బీడీలు, బీడీకి 10 దమ్ములు అనుకొన్నను దినమునకు 200 దమ్ములు, సంవత్సరమునకు 73,000 దమ్ములు. ప్రతి దమ్మును ఏదో యొక సమయముతోనో, స్థలముతోనో, మనిషితోనో ముడిపడియుండును. టీ కొట్టు, భోజనానంతరము, బస్సు కొరకు వేచియుండుట, కల్లు దుకాణము — వీనిలో ఏది ఎదురైనను మెదడు బీడీని జ్ఞాపకము చేయును.

గోదావరిఖని, మందమర్రి, శ్రీరాంపూరు ప్రాంతములలోని భూగర్భ గనులను చూడుడు. మీథేన్ వాయువు అంటుకొను ప్రమాదమున్నందున బీడీ, అగ్గిపెట్టె, లైటరు బాయిలోనికి కొనిపోరాదు. దిగుటకు ముందే తనిఖీ జరుగును. రోజుకొక కట్ట కాల్చు కార్మికుడును షిఫ్టు ఎనిమిది గంటలు బీడీ లేకయే పనిచేయును. అప్పటికి అతని రక్తములో నికోటిన్ 16వ వంతునకు దిగియుండును.

ఇట్టి విషయమునే 2010లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు విమానములలో పనిచేయు సిబ్బందిపై పరిశీలించిరి. పొగత్రాగి ఎంతసేపైనదను దానికంటె, విమానము దిగుటకు ఎంతసేపున్నదను దానిని బట్టియే కోరిక ఎక్కువగా మారెను. చిన్న ప్రయాణము ముగియు వేళకు కలిగిన కోరిక, పెద్ద ప్రయాణములో అంతే సమయము గడచినప్పటి కోరికకంటె తీవ్రముగా నుండెను. త్వరలో దొరకునన్న ఆశయే కోరికను రేపుచున్నదన్న మాట. జేబులో “అవసరమునకు” ఒక్క బీడీ దాచుకొన్నవాడు ఆ ఆశను వెంటబెట్టుకొని తిరుగుచున్నాడు. దానిని పారవేసినచో సగము పోరాటము తగ్గును.

కొందరు బీడీకి బదులు ఖైనీ నోట పెట్టుకొందురు. అది మానుట కాదు. నికోటిన్ వేరు దారిన లోనికి పోవును, నోటి క్యాన్సరు ప్రమాదము అదనముగా వచ్చును. వక్కలు నమలుటయు క్యాన్సరునకు దారితీయును.

తోడు ఎందులకు?

2008లో క్రిస్టాకిస్, ఫౌలర్ అను అమెరికను శాస్త్రజ్ఞులు ఫ్రామింగ్‌హామ్ పట్టణమున 1971 నుండి 2003 వరకు సాగిన గుండెజబ్బుల పరిశీలనలోని 12,067 మంది స్నేహబంధములను లెక్కగట్టిరి. పొగత్రాగువారు ఒక్కొక్కరుగా కాక గుంపులు గుంపులుగా మానినట్లు వారికి కనిపించెను. భార్యాభర్తలలో ఒకరు మానినచో రెండవవారు పొగత్రాగు అవకాశము నూటికి 67 వంతులు, మిత్రుడు మానినచో 36 వంతులు, చిన్న సంస్థలలో తోటి పనివాడు మానినచో 34 వంతులు తగ్గెను. సమూహములుగా కూడి మానుటను, పుస్తకము చదివి ఎవరికి వారు మానుటను పోల్చిన 13 ప్రయోగములను కలిపి చూడగా, సమూహములోనివారు రెట్టింపునకు కొంచెము తక్కువగా సఫలులైరి. ఒక్కొక్కరికి విడివిడిగా శ్రద్ధతో ఇచ్చు సలహాకంటె సమూహమే మేలని మాత్రము తేలలేదు. ఏ విధముగానైన ఒంటరిగా ఉండకుండుటయే ముఖ్యము.

ఒకే టీ కొట్టు వద్ద కలియు మిత్రులు, గనిలో ఒకే షిఫ్టువారు, సిరిసిల్లలో ప్రక్కప్రక్కన మరమగ్గములు నడుపువారు ముగ్గురు నలుగురు కలిసి ఒకే దినమున మానవచ్చును. వారిలో ఒకడు ఇదివరకే మానినవాడైనచో మరియు మేలు. మూడవనాటి బాధను అతడెరుగును.

తోటివారు చేయవలసిన పనులు

ముందు రోజు రాత్రి అందరును జేబులు, అరలు వెదకి బీడీలను, అగ్గిపెట్టెలను తీసివేయవలెను. బీడీలు చుట్టు ఇంటిలో పది దినములపాటు చాటను వేరొక గదిలోనికో, పొరుగింటి అరుగుమీదికో మార్చుకొనుట మంచిది. చిరాకు, కోపము కలుగునని ఇంటివారికి ముందే చెప్పియుంచవలెను. లేనిచో ఆ కోపము తగవుగా మారి, తగవు బీడీకి దారితీయును.

మొదటి మూడు దినములు ఉదయము, భోజనానంతరము, చీకటి పడిన పిమ్మట మూడుమార్లు కలిసికొనవలెను. అవియే బీడీకి అలవాటైన వేళలు. కోరిక లేచినవానికి ఉపదేశములు చేసి లాభము లేదు. అతనితో కలిసి నాలుగు అడుగులు నడచుట, మంచినీరు త్రాగించుట, సోంపు నమలనిచ్చుట, ఏదో మాటలలో పెట్టుట చాలును. ఐదు నిమిషములు గడచిపోవును.

టీ, కాఫీలను సగమునకు తగ్గించవలెను. పొగలోని కొన్ని పదార్థములు కెఫీన్‌ను కాలేయము త్వరగా విరుగగొట్టునట్లు చేయుచుండును. పొగ ఆగిపోగానే అదే కప్పు టీ వలన రక్తములో కెఫీన్ ఎక్కువసేపు నిలిచి, వణకు, నిద్రలేమి కలిగించును. ఇవి బీడీ మానినందువలన వచ్చినవని పొరబడుదురు. కల్లు, సారాయి పట్టు సడలించును గనుక రెండు వారములైనను ఆ దుకాణముల వైపు పోరాదు.

ఒకడు జారి బీడీ వెలిగించినచో అతనిని నలుగురిలో నవ్వులపాలు చేయరాదు. సిగ్గుపడినవాడు గుంపునకు రాడు, ఒంటరియై మరల పాత లెక్కకు చేరును. “ఎక్కడ వెలిగించితివి? అప్పుడు ప్రక్కన ఎవరుండిరి?” అని అడిగి, ఆ వేళకు రేపు ఎవరు తోడుండవలెనో నిర్ణయించుకొనవలెను. చాలమంది పలుమార్లు ప్రయత్నించిన పిమ్మటనే శాశ్వతముగా మానగల్గిరి.

తోడు చాలనివారు వైద్యుని సలహాపై నికోటిన్ బంక, అంటుపట్టీ వంటివి వాడవచ్చును. గుండెజబ్బు కలవారు, గర్భిణులు వైద్యుని అడుగక వాడరాదు. 2016లో ప్రారంభమైన జాతీయ ఉచిత టెలిఫోను సేవ 1800-11-2356 అను సంఖ్యపై దొరకును. ఈ సంఖ్య 2018 నుండి బీడీకట్టల పైనను అచ్చగుచున్నది. బెంగుళూరులోని నిమ్హాన్స్ కేంద్రము ద్వారా తెలుగులోను సలహా లభించును.

పాఠశాల పాత్ర

2019లో జరిగిన సర్వేలో 13 మొదలు 15 ఏండ్ల విద్యార్థులలో నూటికి 8.5 మంది ఏదో యొక పొగాకు వాడుచున్నట్లు తేలినది. విద్యాసంస్థలకు 100 గజముల లోపల పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టము చెప్పుచున్నది. చట్టము కొట్టును దూరము చేయగలదేగాని మిత్రుడు అందించు బీడీని ఆపలేదు. అర్ధాయువు లెక్కను తరగతిలో చేయించినచో విద్యార్థులు దానిని ఇంటికి కొనిపోయి తండ్రికిని చెప్పగలరు. అయితే పిల్లలు తండ్రిపై కాపలాదారులు కారాదు. సాయంకాలము భోజనము కాగానే “నాయనా, అట్లు నడిచివత్తము” అని చేయి పట్టుకొన్న చాలును.

ఉపాధ్యాయుడే బీడీ లేక సిగరెట్టు మానదలచినచో దానిని రహస్యముగా నుంచుకొనుట కంటె తోటి ఉపాధ్యాయులకు తేదీతో సహా చెప్పుట మేలు. ఆ తేదీ నుండి ఒక సంవత్సరము నిలిచినవానికి పొగ వలన గుండెకు కలుగు అదనపు ప్రమాదము సుమారు సగమునకు తగ్గును. ఆ సంవత్సరములో మిక్కిలి కష్టమైనవి మొదటి మూడు దినములే గనుక, ఆ మూడు దినములును సెలవులలో పడునట్లును, ప్రక్కన ఒక మిత్రుడు ఉండునట్లును చూచుకొనవలెను.