గాలమునకు హద్దు కలదు

మాకెరెల్ చేప మన కానాగంతకు దాయాది. ఐరోపా సముద్రములలో గుంపులుగా తిరుగును. ఇంగ్లండునందలి కార్న్‌వాల్ తీరమున తెరచాప పడవలలో పోవువారు వేగము తగ్గించి, ఈకలు కట్టిన గాలముల దారమును నీట విడుతురు. ఈకలను చిరుచేపలని భ్రమించి ఆ చేపలు చిక్కును. పిల్లచేప పడినచో తడిచేతితో విడిపించి వదలవలెను.

1960 దశకమున ఉత్తర సముద్రములో యంత్రనౌకలు పెనువలలతో గుంపులనే చుట్టివేసెను. అచట క్షీణించిన సంతతి నేటికిని కోలుకొనలేదు. ఈశాన్య అట్లాంటిక్‌లో 2026వ సంవత్సరపు వేటను, ముందటియేట తాము సూచించిన పరిమితికన్న 70 శాతము తగ్గింపవలెనని అంతర్జాతీయ సముద్ర పరిశోధన మండలి 2025లో తెలిపెను.

బాలలారా! కూటికి చాలినంత దొరికినపుడు దారము చుట్టుకొనుటయు వేటలోని నేర్పే.