పార్వతీపురం అధ్యాయం

అధికారంలో ఉన్నవారి జీవితచరిత్ర రాయబూనిన రచయితకు మొదట ఎదురయ్యేది సమాచారం కొరత కాదు, సమాచారం వెల్లువ. సన్మాన సంచికలు, ఉపన్యాస సంపుటాలు, ఆ నాయకుడే రాసుకున్న ఆత్మకథ అన్నీ బల్లమీదకొచ్చి పడతాయి. అన్నీ ఒకే గొంతుతో మాట్లాడతాయి. వి.వి.గిరి జీవితాన్ని మన ఉత్తరాంధ్ర వైపు నుంచి రాయాలని కూర్చున్నప్పుడు నాకీ చిక్కే వచ్చింది. ఆయన ఆత్మకథ ఇంగ్లీషులో 1976లో వచ్చింది. దాన్ని ముందు పెట్టుకుని నేను రాసిన తొలి ముప్పై పేజీలూ ఆ గొంతుకు నకళ్ళే. చించేశాను.

మళ్ళీ బొబ్బిలి నుంచి మొదలుపెట్టాను. ఆ కథ రాయడం తేలిక. 1937 మద్రాసు శాసనసభ ఎన్నికల్లో రైల్వే కార్మిక నాయకుడు గిరి, జస్టిస్ పార్టీ నేత, మద్రాసు రాష్ట్ర ప్రధానిగా పనిచేసిన బొబ్బిలి రాజాను ఆయన సొంత గడ్డమీదే ఓడించాడు. జమీందారీ మీద జాతీయోద్యమ విజయం! కలం దానంతటదే పరుగెత్తింది. అలా పరుగెత్తిన చోటే రచయిత ఆగి చూసుకోవాలి. 1937లో ఓటు హక్కు ఆస్తినీ, పన్నునీ, చదువునీ బట్టి ఉండేది. జమీందారీ పొలాల్లో ఒళ్ళు వంచినవారిలో అధిక సంఖ్యాకులకు ఓటే లేదు. అందుచేత 'ప్రజలు రాజును ఓడించారు' అన్న నా వాక్యాన్ని నేనే కొట్టేసుకోవలసి వచ్చింది. గెలుపు నిజమే, గెలిపించినవారెవరన్నదే తేల్చవలసిన సంగతి.

1952లో గిరి పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్ళి కేంద్ర కార్మికమంత్రి అయ్యాడు. బ్యాంకు ఉద్యోగుల తగాదాలో ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో పదవి వదులుకున్నాడు. ఇది ఆయన జీవితంలో గౌరవించదగిన ఘట్టం, దాన్ని తగ్గించి చెప్పడం నా ఉద్దేశం కాదు.

కాని 1957 వస్తుంది. బొబ్బిలికి దగ్గర్లోనే ఉన్న పార్వతీపురం అప్పుడు ద్విసభ్య నియోజకవర్గం. ఒక స్థానం గిరిజనులకు రిజర్వు, రెండోది జనరల్. ఓటరుకు రెండు ఓట్లు. గిరిజన అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారితో రిజర్వు స్థానం నింపి, మిగిలిన అందరిలోనూ ముందున్నవారికి రెండోది ఇవ్వాలి. రిజర్వు స్థానం ఒక గిరిజనుడికి పోగా, కొద్ది వందల ఓట్ల తేడాతో గిరిని దాటి రెండో స్థానాన్ని కూడా మరో గిరిజన అభ్యర్థి డిప్పల సూరిదొర దక్కించుకున్నాడు.

గిరి కోర్టుకెక్కాడు. రిజర్వు స్థానానికి నిలబడ్డవాడు జనరల్ స్థానానికి చెల్లడన్నది ఒక వాదన. రెండోది మరీ విచిత్రమైనది. సూరిదొర పుట్టుకతో ముఖదొర అయినా క్షత్రియాచారాలు పాటిస్తున్నాడు, క్షత్రియుణ్ణని చెప్పుకుంటున్నాడు, కనుక గిరిజనుడు కాడట! గిరి ఉత్తరప్రదేశ్ గవర్నరుగా ఉండగా, 1959 మే 20న సుప్రీంకోర్టు ఆ రెండు వాదనలనూ తోసిపుచ్చింది. తనకు తాను పైకులం పేరు పెట్టుకున్నంత మాత్రాన పుట్టిన తెగ పోదంది.

ఈ తీర్పు చదివేదాకా నాకు గిరి తెలిశాడనుకోవడం భ్రమ. కార్మికులకోసం మంత్రిపదవి వదిలిన మనిషే ఒక గిరిజనుడి గిరిజనత్వాన్ని కోర్టులో ప్రశ్నించాడు. ఈ రెంటినీ కలిపి పట్టుకోలేని జీవితచరిత్ర స్తోత్రమన్నా అవుతుంది, దూషణన్నా అవుతుంది. మన విద్యార్థులు నాయకుడి ఉపన్యాసాలు చదువుతారు గాని అతను కక్షిదారుగా ఉన్న తీర్పులు చదవరు. కోర్టు కాగితంలో ఎదుటివాడి మాట కూడా నమోదై ఉంటుంది. ఆత్మకథలో ఆ సౌకర్యం లేదు.

చాలా ఏళ్ళ కిందట పార్వతీపురం దగ్గర ఒక ముసలాయన్ని ఆ ఎన్నిక గురించి అడిగాను. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. "రెండు చీటీలిచ్చినారు బావూ. ఒకటి దొర పెట్టెలో ఏసినాను. రెండోది ఏటి సెయ్యాలో తెలక రొంటిని దోపుకుని ఇంటికొచ్చినాను," అన్నాడు. నేను నవ్వాను. కొద్ది వందల ఓట్లతో తేలిన ఎన్నిక అని గుర్తొచ్చాక నవ్వు ఆగింది. ద్విసభ్య పద్ధతి 1961 చట్టంతో పోయింది.

1967 అక్టోబరు 31న లేవిడిలో కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనుల్ని భూస్వాముల మనుషులు కాల్చి చంపినప్పుడు గిరి ఉపరాష్ట్రపతి. 1969 ఆగస్టులో ఆయన రాష్ట్రపతి అయ్యేనాటికి శ్రీకాకుళం ఏజెన్సీ కల్లోలిత ప్రాంతం. ఆ కాల్పులకు ఆయన బాధ్యుడని నేననడం లేదు, అలా రాస్తే అదొక అబద్ధం. కాని తాను ఓట్లడిగిన కొండల మీద పోలీసు క్యాంపులు వెలిసిన సంగతి రాష్ట్రపతి భవన్ అధ్యాయంలో లేకపోతే అది ఇంకో రకం అబద్ధం.

రాతప్రతి చదివిన ప్రచురణకర్త ఒకాయన, "గిరిగారి పుస్తకంలో ఈ కోరన్న, మంగన్న ఎవరండీ? పేజీలు తగ్గుతాయి, తీసెయ్యండి," అన్నారు. ప్రమాణస్వీకారం గురించి రాసిన రెండు పేజీలు తగ్గించి ఇచ్చాను.