తాతగారి డబుల్ బ్యారెల్ తుపాకీ: ధర కంటే ముందు కాగితం

ఈ ఎపిసోడ్ తాడేపల్లిగూడెం నుంచి ఒక తమ్ముడు పెట్టిన మెసేజ్ మీద. "అన్నా, తాతగారు పోయాక అటక మీద ట్రంకు పెట్టెలో డబుల్ బ్యారెల్ తుపాకీ దొరికింది. గొట్టం మీద రోడ్డా, కలకత్తా అని ఉంది. ఇంగ్లండ్ వేలంలో ఇలాంటివి లక్షలు పలుకుతున్నాయట. మనది ఎంతుంటుంది?"

మన కొల్లేరు వైపు ఒకప్పుడు చలికాలం వస్తే బాతుల వేట ఉండేది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆంక్షలొచ్చాయి, 1999లో కొల్లేరు అభయారణ్యం అయింది. వేట పోయింది గానీ, కొన్ని ఇళ్లల్లో తుపాకులు ఉండిపోయాయి.

సూటిగా చెప్తా. లైసెన్స్ లేకుండా అది మీ ఇంట్లో ఉన్నంతకాలం దాని ధర సున్నా కూడా కాదు, మైనస్! తాతగారి లైసెన్స్ తాతగారిదే, మనకి ఆస్తిలాగా రాదు. 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేని తుపాకీకి శిక్ష 2 నుంచి 5 ఏళ్ల జైలు, పైగా జరిమానా. "పాతది కదా, యాంటిక్ కదా" అంటారా? రిపేరు చేసినా పేలదు అన్న స్థితిలో ఉంటేనే ఆ మినహాయింపు. తుప్పు పట్టింది అంటే చాలదు.

మరి ఏం చేయాలి? ముందు తాతగారి లైసెన్స్ పుస్తకం వెతకండి. ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి రాతపూర్వకంగా చెప్పి, ఎలా తీసుకురావాలో వాళ్లనే అడగండి. బైక్ మీద సంచిలో వేసుకుని వెళ్లొద్దు. స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ఇదే చెప్తుంది. డిపాజిట్ చేసినంత మాత్రాన తుపాకీ పోయినట్టు కాదు. మీరు వారసుడిగా లైసెన్స్ తెచ్చుకుంటే వెనక్కి ఇస్తారు. లేదా లైసెన్స్ ఉన్నవాళ్లకి అమ్మితే డబ్బు మీదే. కానీ నిర్ణీత గడువు దాటితే ప్రభుత్వపరం అయిపోతుంది. అందుకే గడువు ఎప్పటిదాకా అని అక్కడే అడగండి.

ఇప్పుడు ధర సంగతి. రోడ్డా అంటే కలకత్తాలో పెద్ద ఆయుధాల కంపెనీ. 1914లో విప్లవకారులు మౌజర్ పిస్టళ్లు ఎత్తుకెళ్లింది వీళ్ల సరుకులోంచే. అయితే గొట్టం మీద అమ్మిన కంపెనీ పేరు ఉన్నంత మాత్రాన తయారుచేసింది వాళ్లే అనుకోవద్దు. బర్మింగ్‌హామ్‌లో చేయించి తమ పేరు చెక్కించుకోవడం అప్పట్లో మామూలే.

అసలు జాతకం గొట్టాల కింది వైపు ఉంటుంది. డీలర్ విప్పి చూపిస్తాడు, మీరు విప్పకండి. అక్కడ ప్రూఫ్ ముద్రలుంటాయి. కోడిగుడ్డు ఆకారంలో ఈఎల్‌జీ అని ఉంటే బెల్జియంలోని లీజ్. నైట్రో ప్రూఫ్ అనో, కిరీటం కింద ఎన్‌పీ అనో ఉంటే ఇప్పటి రకం పొగలేని మందుతో పరీక్షించారని అర్థం. గొట్టం మీద చీర అంచులాంటి మెలికల గీతలుంటే అది డమాస్కస్ రకం. ఇప్పటి తూటా పెడితే పగిలే ప్రమాదం ఉంది. పాత 12 బోరు తుపాకుల్లో చాలావాటికి గది పొడవు రెండున్నర అంగుళాలే, పొడుగు తూటాలు వాటికి పనికిరావు.

తయారీదారు పేరు, ముద్రలు, గొట్టం లోపలి స్థితి, అసలు కట్టె అలాగే ఉందా... వీటి మీదే ధర తేలుతుంది. కాబట్టి ఉప్పుకాగితంతో రుద్ది మెరిపించకండి, ముద్రలు చెరిగితే విలువా చెరుగుతుంది. ఇంగ్లండ్ వేలం రేటు ఇక్కడ లెక్కకి రాదు. ఇక్కడ కొనగలిగేది లైసెన్స్ ఉన్నవాళ్లే, వాళ్లకీ 2019 నుంచి పరిమితి రెండు తుపాకులే. ఇద్దరు డీలర్ల దగ్గర ధర అడిగి చూడండి.

చివరిగా ఒక్క మాట తమ్ముడూ. ఆ తుపాకీ పట్టుకుని రీల్ మాత్రం చేయకు. ముందు రసీదు, తర్వాతే రేటు. ఇంట్లో పెద్దవాళ్లకి ఈ ఎపిసోడ్ ఫార్వర్డ్ చేయండి.